బ్యాలెన్స్ చేసే ముందు ఫార్ములా చూడండి

"కింది రసాయన సమీకరణాన్ని తుల్యం చేయండి" అన్న ప్రశ్న కనబడగానే పదో తరగతి పిల్లల చేతులు ఆగవు. తుల్యం చేయడం అంటే బ్యాలెన్స్ చేయడమే, బాణానికి రెండువైపులా ఒక్కో మూలకం పరమాణువులు సమానంగా ఉండేలా చూడటం. ఒకచోట రెండు పెడతారు, ఇంకోచోట మూడు పెడతారు, అటూ ఇటూ లెక్కేస్తారు, కొట్టేసి మళ్లీ పెడతారు. కాసేపటికి కాగితం నిండా కొట్టివేతలే మిగులుతాయి. "మేడం, ఈడ సరిచేస్తే ఆడ చెడిపోతాంది" అంటారు. ఎర్రగుంట్లలో సాయంత్రం పూట ట్యూషన్ చెప్పే నాకు ఎక్కువగా వినిపించే మాట ఇదే.

ఈ పిల్లలకు లెక్కలు రాక కాదు. రెండో ఎక్కం, మూడో ఎక్కం వస్తే చాలు, తుల్యం చేయడానికి కావలసిన లెక్కంతా వచ్చినట్టే. చాలామందికి రానిది ఫార్ములా. అది తప్పుగా రాసుకుని మొదలుపెడితే ఎంత తెలివైన పిల్లలకైనా లెక్క తెగదు. ఇంకొన్నిసార్లు తెగినట్టే కనిపించి మార్కులు పోతాయి. అందుకే నేను మొదట సమీకరణాల జోలికే వెళ్లను, ఫార్ములాలు రాయిస్తాను.

ఇక్కడ ఫార్ములాలను మనం నోటితో చదివినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు నోటుబుక్కులో మామూలు సంకేతాలతోనే రాసుకుంటూ రండి. పెన్సిలు పట్టుకోకుండా చదివితే ఇది తలకెక్కదు.

ఒక ఉదాహరణ చూద్దాం. బేరియం క్లోరైడ్ ద్రావణంలో సోడియం సల్ఫేట్ ద్రావణం పోస్తే తెల్లటి అవక్షేపం, అంటే నీటిలో కరగని పదార్థం వస్తుంది. అది బేరియం సల్ఫేట్. పాత కడప జిల్లా మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయిలో ఉండేది కూడా ఇదే పదార్థం. చమురు బావులు తవ్వేటప్పుడు బురద బరువు పెంచడానికి దాన్ని పొడిచేసి కలుపుతారు. ఈ చర్యను రాయమంటే కొంతమంది పిల్లలు ఇలా రాస్తారు:

బిఏ సిఎల్ + ఎన్ఏ ఎస్ఓ₄ → బిఏ ఎస్ఓ₄ + ఎన్ఏ సిఎల్

లెక్కపెట్టి చూడండి. బేరియం అటొకటి, ఇటొకటి. క్లోరిన్, సోడియం, సల్ఫేట్ కూడా అంతే. ఒక్క అంకె కూడా పెట్టకుండానే తుల్యమైపోయింది, అయినా జవాబు తప్పే. సంయోజకత అంటే ఒక మూలకానికి ఇతరులతో జతకట్టే శక్తి. బేరియం సంయోజకత 2, క్లోరిన్‌ది 1 కాబట్టి ఒక బేరియానికి రెండు క్లోరిన్లు ఉండాలి. సల్ఫేట్ సంయోజకత 2, సోడియానిది 1 కాబట్టి సల్ఫేట్‌కు రెండు సోడియాలు ఉండాలి. ఫార్ములాలు సరిచేసి రాస్తే:

బిఏ సిఎల్₂ + ఎన్ఏ₂ ఎస్ఓ₄ → బిఏ ఎస్ఓ₄ + ఎన్ఏ సిఎల్

ఇప్పుడు ఎడమవైపు సోడియం రెండు, క్లోరిన్ రెండు. కుడివైపు ఒక్కొక్కటే. ఉప్పు (ఎన్ఏ సిఎల్) ముందు 2 పెడితే రెండూ ఒకేసారి సరిపోతాయి:

బిఏ సిఎల్₂ + ఎన్ఏ₂ ఎస్ఓ₄ → బిఏ ఎస్ఓ₄ + 2 ఎన్ఏ సిఎల్

ఇక్కడ తుల్యం చేసే పని ఒక్క క్షణంది. అసలు పనంతా అంతకుముందే, ఫార్ములా దగ్గరే జరిగింది.

సంయోజకతలు కంఠస్థం చేయక తప్పదు. బట్టీ అనుకున్నా సరే, ఈ ఒక్కచోట బట్టీయే దారి. సంయోజకత 1 ఉన్నవి: హైడ్రోజన్, సోడియం, పొటాషియం, వెండి, అమ్మోనియం. వాటికి జతకట్టేవాటిలో క్లోరైడ్, హైడ్రాక్సైడ్, నైట్రేట్, బైకార్బనేట్. 2 ఉన్నవి: మెగ్నీషియం, కాల్షియం, బేరియం, జింక్. అవతల ఆక్సైడ్, కార్బనేట్, సల్ఫేట్. 3 అంటే అల్యూమినియం, అవతల ఫాస్ఫేట్. ఇనుముకు 2 గానీ 3 గానీ ఉంటుంది, రాగికి 1 గానీ 2 గానీ. ఏది తీసుకోవాలో పేరులో చెబుతారు, లేదా ప్రశ్నలోనే ఫార్ములా ఇస్తారు. ఇంతే జాబితా. పదో తరగతిలో కనిపించే ఫార్ములాల్లో చాలా భాగం దీంతోనే వస్తాయి.

జత చేయడానికి ఒకదాని సంయోజకతను రెండోదాని కింద రాయాలి. అల్యూమినియం 3, ఆక్సిజన్ 2: ఏఎల్₂ఓ₃. రెండూ సమానమైతే కొట్టేయాలి. కాల్షియం 2, కార్బనేట్ 2 కాబట్టి సిఏ సిఓ₃ అనే రాస్తాం. ఓహెచ్, ఎస్ఓ₄ లాగా కలిసి ఉండే పరమాణువుల గుంపు రెండుసార్లు గానీ అంతకంటే ఎక్కువసార్లు గానీ వస్తే బ్రాకెట్ కచ్చితంగా పెట్టాలి. కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే సిఏ(ఓహెచ్)₂. బ్రాకెట్ మరిచి సిఏ ఓహెచ్₂ అని రాస్తే హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ ఒకటే అవుతాయి. అక్కడి నుంచి ఎన్ని తిప్పలు పడినా ఆక్సిజన్ లెక్క కుదరదు. "ఆక్సిజన్ ఒక్కటే కుదరడం లేదు మేడం" అని ఎవరైనా నోటుబుక్కు పట్టుకొస్తే నా కళ్లు ముందు బ్రాకెట్ కోసమే వెతుకుతాయి.

విడిగా ఉన్నప్పుడు జంటగా ఉండే మూలకాలు ఏడు: హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. ఇవి వాయువుగానో ద్రవంగానో ఘనంగానో ఒంటరిగా కనిపిస్తే కింద 2 ఉండాలి. సమ్మేళనంలో కలిశాక ఆ నియమం వర్తించదు. సోడియం క్లోరైడ్‌ను ఎన్ఏ సిఎల్₂ అని రాసే పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకుంటున్నారు. ఇనుము, రాగి, అల్యూమినియం లాంటి లోహాలకు కింద ఏ అంకే ఉండదు.

ఇక తుల్యం ఎందుకు చేయాలన్న సంగతి. మా ఊరి చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలే. నా దగ్గర చదివే పిల్లల్లో చాలామంది నాన్నలు వాటిలోనే పనిచేస్తారు. సున్నపురాయి అంటే కాల్షియం కార్బనేట్. గట్టిగా కాలిస్తే ఇలా మారుతుంది:

సిఏ సిఓ₃ → సిఏఓ + సిఓ₂

కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16 అని లెక్కేస్తే సున్నపురాయి 100, సున్నం 56, కార్బన్ డయాక్సైడ్ 44. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలు చిమ్నీలోంచి గాలిలో కలుస్తుంది. రాయి బరువు తగ్గినట్టు కనబడుతుంది గానీ ఒక్క పరమాణువు కూడా మాయం కాలేదు. చర్యకు ముందు ఎంత పదార్థం ఉందో తర్వాతా అంతే ఉంటుందని 1789లో ఫ్రాన్స్‌కు చెందిన లెవోయిజర్ తన రసాయన శాస్త్ర గ్రంథంలో స్పష్టంగా రాశాడు. గాజు పాత్రలు మూసి, వాయువులతో సహా తూకం వేసి చూసిన మనిషి ఆయన. మనం పుస్తకంలో చదివే ద్రవ్యనిత్యత్వ నియమం ఇదే. సమీకరణం తుల్యం కాకపోతే మనం రాసినది ఈ నియమాన్ని తప్పుతున్నట్టు. ఫ్యాక్టరీలో ఎంత రాయి వేస్తే ఎంత సున్నం వస్తుందో లెక్కగట్టేది కూడా తుల్య సమీకరణంతోనే. అందుకే దీన్ని మార్కుల కోసం చేసే అంకెల ఆటగా చూడొద్దని పిల్లలకు గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఒకే ఒక కట్టుబాటు. ఫార్ములా కింద ఉన్న అంకెను ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు. మనం పెట్టే అంకెలన్నీ ఫార్ములా ముందు మాత్రమే. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే చర్యలో ఆక్సిజన్ కుడివైపు ఒకటి తక్కువ పడుతుంది. తొందరపడి హెచ్₂ఓ కింద ఇంకో 2 చేర్చి హెచ్₂ఓ₂ అని రాస్తే లెక్క టక్కున కుదురుతుంది. కానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయాలు కడగడానికి మందుల షాపులో అమ్మేది. తాగే నీటిని కాగితం మీద ఇంకో పదార్థంగా మార్చేశాం. సరైన పద్ధతి ఇది:

2 హెచ్₂ + ఓ₂ → 2 హెచ్₂ఓ

ముందు పెట్టిన 2 దాని వెనకున్న ఫార్ములా మొత్తానికి వర్తిస్తుంది. 2 హెచ్₂ఓ అంటే హైడ్రోజన్ నాలుగు, ఆక్సిజన్ రెండు. బ్రాకెట్ బయట అంకె ఉంటే దాంతో కూడా గుణించాలి. 3 సిఏ(ఓహెచ్)₂ లో ఆక్సిజన్ ఆరు, హైడ్రోజన్ ఆరు, కాల్షియం మూడు.

ఇంతవరకు వచ్చాక "ఈడ సరిచేస్తే ఆడ చెడిపోతాంది" అన్న సమస్యకు వెళ్దాం. అది వరుస సమస్య. ఏ మూలకాన్ని ముందు పట్టుకోవాలి, దేన్ని చివరికి వదలాలి అన్నది తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. పాఠ్యపుస్తకంలో ఉన్న ఇనుము, నీటి ఆవిరి చర్య తీసుకుందాం:

ఎఫ్ఈ + హెచ్₂ఓ → ఎఫ్ఈ₃ఓ₄ + హెచ్₂

ముందుగా మూలకాల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, ఎడమ ఎన్ని, కుడి ఎన్ని అని పక్కన వేసుకోండి. ఇనుము 1, 3. హైడ్రోజన్ 2, 2. ఆక్సిజన్ 1, 4. హైడ్రోజన్ సరిపోయింది కదా అని దాన్ని కాపాడుకోవాలని చూడొద్దు, అది మారుతుంది. ఇక్కడ ఇనుము ఎడమవైపు ఒంటరిగా ఉంది, హైడ్రోజన్ కుడివైపు ఒంటరిగా ఉంది. ఒంటరిగా ఉన్నవాటి ముందు ఎంత పెట్టినా ఇంకే మూలకమూ కదలదు. కాబట్టి వాటిని చివరికి వదలాలి. ఆక్సిజన్ అలా కాదు, రెండువైపులా ఇంకొకదానితో కలిసి ఉంది. దాని అంకె మార్చితే పక్కవాళ్లూ మారతారు. అందుకే ముందు దాన్ని తేల్చేయాలి. కుడివైపు ఆక్సిజన్ నాలుగు కాబట్టి నీటి ముందు 4. ఇప్పుడు ఎడమవైపు హైడ్రోజన్ ఎనిమిది అయింది, కుడివైపు హెచ్₂ ముందు 4 పెడితే సరి. చివరగా ఇనుము ముందు 3.

3 ఎఫ్ఈ + 4 హెచ్₂ఓ → ఎఫ్ఈ₃ఓ₄ + 4 హెచ్₂

ఎక్కడా వెనక్కి రావలసిన అవసరం పడలేదు. కలిసి ఉన్నవాటిని ముందు, ఒంటరివాటిని చివర. ఇది పట్టుకుంటే కొట్టివేతలు ఉండవు.

కార్బన్, హైడ్రోజన్ ఉన్న మండే పదార్థాలకు ఇదే సూత్రం ఇంకా సులువుగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటిలో ఒంటరిగా ఉండేది ఎప్పుడూ ఆక్సిజనే. కార్బన్, తర్వాత హైడ్రోజన్, చివర ఆక్సిజన్. ఇంట్లో గ్యాస్ సిలిండరులో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ మంచిది, మొండికేయదు:

సి₃హెచ్₈ + 5 ఓ₂ → 3 సిఓ₂ + 4 హెచ్₂ఓ

బ్యూటేన్ దగ్గర పిల్లలు ఆగిపోతారు. సి₄హెచ్₁₀ లో కార్బన్ నాలుగు, కాబట్టి 4 సిఓ₂. హైడ్రోజన్ పది, కాబట్టి 5 హెచ్₂ఓ. కుడివైపు ఆక్సిజన్ మొత్తం 8, 5 కలిపి 13. ఎడమవైపు ఆక్సిజన్ జంటలుగానే వస్తుంది, 13 ఎలా తెస్తాం? భయపడకుండా ఆరున్నర పెట్టేయండి. పెట్టాక సమీకరణం మొత్తాన్ని రెండుతో గుణించండి:

2 సి₄హెచ్₁₀ + 13 ఓ₂ → 8 సిఓ₂ + 10 హెచ్₂ఓ

మధ్యలో సగాలు రావడం తప్పేమీ కాదు. చివరి జవాబులో పూర్ణాంకాలు ఉంటే చాలు. సగం వచ్చిందని మొదటికి పోయి అంకెలన్నీ చెరిపేసే పిల్లలు దాదాపు పూర్తయిన పనిని పారేస్తున్నారు.

పెద్ద ఫార్ములా అంటే కష్టమైన లెక్క అన్న భయం పోగొట్టడానికి నేను శనక్కాయ నూనె దీపం ఇస్తాను. అనంతపురం జిల్లా వైపు చుట్టాలు లేని ఇల్లు మా దగ్గర తక్కువ, శనక్కాయ పంట గురించి పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ నూనెలో ఎక్కువగా ఉండేది ఓలియిక్ ఆమ్లం. దాని నుంచి ఏర్పడే కొవ్వు ట్రైఓలియిన్. ఫార్ములా సి₅₇హెచ్₁₀₄ఓ₆. బోర్డు మీద రాయగానే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. కానీ చేయండి: కార్బన్ 57, కాబట్టి 57 సిఓ₂. హైడ్రోజన్ 104, కాబట్టి 52 హెచ్₂ఓ. కుడివైపు ఆక్సిజన్ 114, 52 కలిపి 166. నూనెలోనే ఆరు ఉన్నాయి కాబట్టి గాలి నుంచి రావలసినవి 160, అంటే 80 ఓ₂.

సి₅₇హెచ్₁₀₄ఓ₆ + 80 ఓ₂ → 57 సిఓ₂ + 52 హెచ్₂ఓ

మూడు అడుగుల్లో అయిపోయింది. ఇంధనంలో ముందే ఉన్న ఆక్సిజన్‌ను తీసివేయడం ఒక్కటే ఇందులో జాగ్రత్తపడాల్సిన చోటు.

అయితే "ఆక్సిజన్ ఎప్పుడూ చివరే" అని గుర్తుపెట్టుకుంటే ఇంకోచోట బోల్తా పడతారు. గుర్తుపెట్టుకోవలసింది ఆక్సిజన్ పేరు కాదు, అది ఎన్నిచోట్ల ఉందన్నది. పొటాషియం పర్మాంగనేట్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసే చర్య చూడండి:

కె ఎంఎన్ఓ₄ + హెచ్ సిఎల్ → కె సిఎల్ + ఎంఎన్ సిఎల్₂ + హెచ్₂ఓ + సిఎల్₂

ఇందులో క్లోరిన్ నాలుగుచోట్ల ఉంది. దాన్ని ముందు పట్టుకుంటే రాత్రంతా తిరగాల్సిందే. ఆక్సిజన్ మాత్రం అటు ఒకచోట, ఇటు ఒకచోట. కాబట్టి ఈసారి ఆక్సిజన్‌తోనే మొదలు. ఎడమ నాలుగు, అందుకని 4 హెచ్₂ఓ. దాంతో హైడ్రోజన్ ఎనిమిది, అందుకని 8 హెచ్ సిఎల్. పొటాషియం, మాంగనీసు ఒక్కొక్కటే, కదిలించొద్దు. ఇప్పుడు క్లోరిన్: ఎడమ ఎనిమిది. కుడివైపు కె సిఎల్‌లో ఒకటి, ఎంఎన్ సిఎల్₂ లో రెండు, మొత్తం మూడు పోగా అయిదు మిగిలాయి. విడి క్లోరిన్ ముందు రెండున్నర. అంతా రెండుతో గుణిస్తే:

2 కె ఎంఎన్ఓ₄ + 16 హెచ్ సిఎల్ → 2 కె సిఎల్ + 2 ఎంఎన్ సిఎల్₂ + 8 హెచ్₂ఓ + 5 సిఎల్₂

తక్కువ చోట్ల ఉన్న మూలకం ముందు. ఎక్కువ చోట్ల ఉన్నది, ఒంటరిగా కూడా కనిపించేది చివర. పైన ఇనుముకు చెప్పిన సూత్రమే ఇదీ.

గుంపుల గురించి. సల్ఫేట్, నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటివి చర్యకు ముందు, తర్వాత విడిపోకుండా ఉంటే వాటిని ముక్కలు చేసి సల్ఫర్ ఎన్ని, ఆక్సిజన్ ఎన్ని అని లెక్కించొద్దు, గుంపుగానే లెక్కించండి. కాల్షియం హైడ్రాక్సైడ్, ఫాస్ఫారిక్ ఆమ్లం చర్యలో:

3 సిఏ(ఓహెచ్)₂ + 2 హెచ్₃పిఓ₄ → సిఏ₃(పిఓ₄)₂ + 6 హెచ్₂ఓ

కుడివైపు కాల్షియం మూడు, ఫాస్ఫేట్ రెండు అని చూడగానే ఎడమవైపు 3, 2 వచ్చేస్తాయి. నీటిని ఒక హెచ్, ఒక ఓహెచ్ అనుకుంటే ఆరు ఓహెచ్‌లకు ఆరు నీళ్లు. ఆమ్లం, క్షారం కలిసే చర్యలన్నిట్లో నీటిని ఇలా చూడటం నాకు బాగా నచ్చిన ఉపాయం.

గుంపు విరిగిపోతే మాత్రం ఈ సౌకర్యం ఉండదు. మా ఇళ్లలో నేలకు పరిచే నాపరాయి కూడా సున్నపురాతి జాతిదే. దాని మీద బాత్రూం కడిగే యాసిడ్ పడితే నురగొస్తుంది, పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. అమ్మలకు ఇది బాగా తెలుసు.

సిఏ సిఓ₃ + 2 హెచ్ సిఎల్ → సిఏ సిఎల్₂ + హెచ్₂ఓ + సిఓ₂

ఇక్కడ కార్బనేట్ గుంపు విరిగి కొంత నీటిలోకి, కొంత గాలిలోకి పోయింది. కుడివైపు సిఓ₃ ఎక్కడా కనబడదు. అలా కనబడకపోతే పరమాణువులను విడివిడిగానే లెక్కించాలి. లెడ్ నైట్రేట్‌ను వేడిచేసే చర్యలోనూ అంతే. నైట్రేట్ విరుగుతుంది, సగం వస్తుంది, రెండుతో గుణించాలి:

2 పిబి(ఎన్ఓ₃)₂ → 2 పిబిఓ + 4 ఎన్ఓ₂ + ఓ₂

ఇనుప ఖనిజం చర్యకు చూపు కాస్త మార్చాలి. అనంతపురం జిల్లా ఓబుళాపురం వైపు దొరికే హెమటైట్ అంటే ఎఫ్ఈ₂ఓ₃. ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ కొలిమిలో కార్బన్ మోనాక్సైడ్ (సిఓ) దీని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఆక్సిజన్ మూడు పదార్థాల్లో ఉండటంతో పిల్లలు తికమకపడతారు. జరుగుతున్నదేమిటో ఆలోచించండి. ఒక్కో సిఓ ఒక్కో ఆక్సిజన్ తీసుకుని సిఓ₂ అవుతుంది. ఖనిజంలో ఇవ్వాల్సినవి మూడు ఉన్నాయి. కాబట్టి మూడు సిఓలు కావాలి, మూడు సిఓ₂లు వస్తాయి:

ఎఫ్ఈ₂ఓ₃ + 3 సిఓ → 2 ఎఫ్ఈ + 3 సిఓ₂

ఇవేవీ పారకపోతే బీజగణితం ఉంది. కొంచెం పొడుగే, కానీ జవాబు ఉన్న ప్రతిచోటా జవాబిస్తుంది. మాకు దగ్గర్లోని ప్రొద్దుటూరు బంగారం వ్యాపారానికి పేరున్న ఊరు. అక్కడ గీటురాయి మీద గీత గీసి నత్రికామ్లం చుక్క వేస్తే గీతలోని రాగి కరుగుతుంది, బంగారం నిలుస్తుంది. రాగికి, సజల నత్రికామ్లానికి జరిగేది ఇది. ప్రతి పదార్థం ముందు ఒక అక్షరం పెట్టుకుందాం:

క సియు + చ హెచ్ ఎన్ఓ₃ → ట సియు(ఎన్ఓ₃)₂ + త ఎన్ఓ + ప హెచ్₂ఓ

రాగి ప్రకారం క = ట. హైడ్రోజన్ ప్రకారం చ = 2ప. నైట్రోజన్ ప్రకారం చ = 2ట + త. ఆక్సిజన్ ప్రకారం 3చ = 6ట + త + ప. ఏదో ఒకదాన్ని 1 అనుకోవాలి, ట = 1 అనుకుందాం. అప్పుడు త = చ − 2, ప = చ/2. వీటిని ఆక్సిజన్ వరుసలో పెడితే 3చ = 6 + చ − 2 + చ/2, అంటే ఒకటిన్నర చ = 4, చ = 8/3. కింద 3 ఉంది కాబట్టి అన్నిటినీ మూడుతో గుణిస్తే క 3, చ 8, ట 3, త 2, ప 4.

3 సియు + 8 హెచ్ ఎన్ఓ₃ → 3 సియు(ఎన్ఓ₃)₂ + 2 ఎన్ఓ + 4 హెచ్₂ఓ

ఊహించి ఊహించి 8 దగ్గరికి రావడం కష్టం. ఈ పద్ధతిలో అది తనంతట తానే వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా ఇది నేర్పొచ్చని నా అభిప్రాయం. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు కెమిస్ట్రీ మీద ప్రేమ పుట్టేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకో సంగతి ఇదే ఉదాహరణలో ఉంది. నత్రికామ్లం గాఢంగా ఉంటే ఎన్ఓ బదులు గోధుమరంగు ఎన్ఓ₂ వస్తుంది. అప్పుడు రాగి 1, ఆమ్లం 4, కాపర్ నైట్రేట్ 1, ఎన్ఓ₂ 2, నీరు 2. రెండు సమీకరణాలూ చక్కగా తుల్యమవుతాయి. ఏ చర్య నిజంగా జరుగుతుందో, ఏమేం వస్తాయో చెప్పడం తుల్యం చేసే పద్ధతి చేతిలో లేదు. రాగి స్థానంలో బంగారం రాసి కూడా కాగితం మీద తుల్యం చేయొచ్చు, కానీ బంగారం ఆ ఆమ్లంలో కరగదు. కాబట్టి ఉత్పన్నాలేమిటో పాఠంలో చదివి తెలుసుకోవాలి, అంకెలు వేసి కనిపెట్టలేం.

ఇంటర్‌కు వెళ్లేవాళ్లు విద్యుదావేశం కూడా సరిచూడాలి. అల్యూమినియం, రాగి అయాన్ల చర్యలో ఏఎల్ + సియు²⁺ → ఏఎల్³⁺ + సియు అని రాస్తే పరమాణువులు సరిపోయినా ఆవేశం ఎడమ 2, కుడి 3 అవుతుంది. 2, 3, 2, 3 పెడితే రెండువైపులా 6 వస్తుంది.

పరీక్షలో రాసేటప్పుడు చివరి లెక్కను పాత పట్టికలో చూడకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి. పాత పట్టికలో ఒక తప్పు ఉంటే కళ్లు దాన్నే మళ్లీ ఒప్పుకుంటాయి. అంకెలన్నీ ఒకే సంఖ్యతో భాగించగలిగేలా ఉంటే భాగించాలి. 4 హెచ్₂ + 2 ఓ₂ → 4 హెచ్₂ఓ తుల్యమే, కానీ జవాబుగా 2, 1, 2 రాయాలి. భౌతిక స్థితులు అడిగితే ఘన, ద్రవ, వాయు, జల అన్నవి తుల్యం అయ్యాకే చేర్చండి. ముందే రాస్తే సమీకరణం కిక్కిరిసి అంకెలు కనబడవు.

ఇప్పుడు మీ వంతు. పట్టాలను అతకడానికి రైల్వేలో వాడే థర్మైట్ చర్య, గుంతకల్లు లాంటి జంక్షన్ ఊళ్ల పిల్లలు తెలుసుకుని తీరాలి: ఏఎల్ + ఎఫ్ఈ₂ఓ₃ → ఎఫ్ఈ + ఏఎల్₂ఓ₃. కర్నూలు దగ్గర కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలో ఉప్పునీటిలోకి కరెంటు పంపే చర్య: ఎన్ఏ సిఎల్ + హెచ్₂ఓ → ఎన్ఏ ఓహెచ్ + సిఎల్₂ + హెచ్₂. సిమెంటు గట్టిపడటానికి ముఖ్యమైన ట్రైకాల్షియం సిలికేట్ తయారీ: సిఏ సిఓ₃ + ఎస్ఐఓ₂ → సిఏ₃ఎస్ఐఓ₅ + సిఓ₂. అమ్మోనియాను ఆక్సిజన్‌తో కలిపే చర్య: ఎన్‌హెచ్₃ + ఓ₂ → ఎన్ఓ + హెచ్₂ఓ. చివరగా కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్ని తొలిచిన చర్య, సున్నపురాతిని కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు కరిగించడం: సిఏ సిఓ₃ + హెచ్₂ఓ + సిఓ₂ → సిఏ(హెచ్ సిఓ₃)₂.

చేసి చూశాకే జవాబులు చదవండి. థర్మైట్ 2, 1, 2, 1. ఉప్పునీరు 2, 2, 2, 1, 1. సిమెంటు 3, 1, 1, 3. అమ్మోనియా 4, 5, 4, 6. ఇందులో నైట్రోజన్, హైడ్రోజన్ ముందు తేల్చి, సగం వస్తే రెండింతలు చేయాలి. బెలుం దగ్గర ఏమీ పెట్టనక్కర్లేదు. కాల్షియం ఒకటి, కార్బన్ రెండు, హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ ఆరు, రెండువైపులా సరిగ్గా ఉన్నాయి. ఇలాంటిది పరీక్షలో వస్తే ఏదో ఒకటి పెట్టాలేమోనని వెతక్కండి. లెక్క వేసి చూపించి, "తుల్యంగానే ఉంది" అని రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.